కుతుబ్‌షాహీ కట్టడాలు: చెమ్మ, గచ్చు, సిమెంటు

పాత కట్టడాన్ని చరిత్ర ఆధారంగా పరిశీలించేటప్పుడు మనం శాసనాలను, శిల్పాన్ని చూస్తాం. పైకప్పు నుంచి దిగిన చెమ్మ మరకను పట్టించుకోం. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ కట్టడాల విషయంలో ఆ మరక కూడా ఒక ఆధారమే. ఏ కాలంలో, దేనితో మరమ్మతు చేశారో దాన్నిబట్టి కొంత ఊహించవచ్చు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన చార్మినార్‌కు, గోల్కొండ దగ్గరి రాజసమాధులకు పైపూత సున్నపు గచ్చు. సున్నాన్ని, ఇసుకను ఎద్దుల గానుగలో మెత్తగా నూరి బెల్లం, కరక్కాయ నీళ్లు, గుడ్డు తెల్లసొన వంటివి కలిపేవారు. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. గచ్చు నీటిని పూర్తిగా అడ్డుకోదు. వానకు కొంత పీల్చుకుని, ఎండ కాసినప్పుడు ఆవిరిగా వదిలేస్తుంది. అందుకే గోడ ఆరుతూ ఉంటుంది. కానీ ఈ పూతను అప్పుడప్పుడు బాగుచేయక తప్పదు. ఆ ఖర్చు తక్కువేమీ కాదు. మొగలు పాలనలో పిడుగుపాటుకు దెబ్బతిన్న చార్మినార్ నైరుతి మినారుకు 60,000 రూపాయలు, 1824లో కట్టడానికి తిరిగి గచ్చు చేయించడానికి లక్ష రూపాయలు అయ్యాయని నమోదై ఉంది. యాదృచ్ఛికమే గాని, అదే 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ సిమెంటు సమాధుల పైకప్పుల మీదికి చేరింది. అది త్వరగా గట్టిపడుతుంది, గానుగ తిప్పే పని లేదు. మరమ్మతు చేసినవారి ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ సిమెంటు పాత గోడకంటే గట్టిది, బిగుతైనది. ఎండకూ వానకూ గోడతోపాటు సర్దుకోలేక పగులుతుంది. పగులులోంచి దిగిన నీటికి మళ్లీ పైనుంచి ఆరిపోయే దారి ఉండదు. అది లోపలివైపుకు వస్తూ గోడలోని ఉప్పులను కరిగించి తెస్తుంది. ఆ ఉప్పు ఉపరితలం దగ్గర గడ్డకట్టినప్పుడు నాలుగు వందల ఏళ్లనాటి గచ్చు నగిషీ పెళ్లలుగా ఊడుతుంది. ఊడినదాన్ని తిరిగి చేయించవచ్చు గాని, ఆనాటి పనివాడి చేయి అందులో ఉండదు.

నీరు కారే చోటే నీరు దిగే చోటు అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. గోడలో అది బెత్తెడో, బారెడో పక్కకు పారి కనిపిస్తుంది. కాబట్టి లోపలి మరక నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్లాలి. పిట్టగోడ మొదళ్లు, పూడిపోయిన తూములు, రావిమొక్క వేళ్లు దూరిన సందులు ముందుగా చూడాలి. పూతను చిన్న సుత్తితో తట్టితే గుల్ల శబ్దం వచ్చినచోట అది గోడను వదిలేసిందని అర్థం.

సమాధుల ప్రాంగణంలో 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి చేపట్టిన పనిలో సిమెంటు పొరలను తీసివేసి, తిరిగి సున్నపు గచ్చు వేశారు. ఇలాంటి పనుల్లో తీసేసే పొరను కూడా ముందుగా ఫొటోలతో, కొలతలతో నమోదు చేయాలి. పైకప్పు బాగుపడగానే లోపలి నగిషీని ముట్టుకోకూడదు. మందపాటి రాతిగోడ ఆరడానికి నెలలు పడుతుంది. మరో వానాకాలం గడిచినా మరక పెరగలేదని చూసుకున్నాకే నగిషీ పని మొదలుపెట్టాలి.