ఒట్టి యింటిలో ఒక్క పనివాడు

మన దేహమునందలి ప్రతి జీవకణమును ఒక పలుచని క్రొవ్వుపొర చుట్టియున్నది. ఆ పొరలో మాంసకృత్తులు కోటగోడలోని ద్వారపాలకులవలె నిలిచి, లవణములను, ఆహారమును, కొన్ని ఔషధములను దాటించుచుండును. ఏ మాంసకృత్తు ఏ పని చేయునో తేల్చుట మాత్రము సులభము గాదు. సజీవకణము తిరునాళ్ళ వంటిది. అందొకని గొంతు వేఱుగా వినబడదు. ఒట్టి యిల్లొకటి గట్టి, అందొక్క పనివానినే నిలిపి చూడవలెను.

అట్టి యిల్లు 1960 తరువాతి యేండ్లలో, ఇంగ్లండునందు కేంబ్రిడ్జి చేరువనున్న బాబ్రహాములో, అలెక్ బ్యాంగ్‌హాము అను వైద్యునకు దొరకెను. కోడిగ్రుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ అను క్రొవ్వు నీటిలో నానినచో, తనంత తానే ముడుచుకొని, కడుపులో నీరు దాచుకొన్న సూక్ష్మమైన బుడగలగును. ఈథరు, క్లోరోఫారము తగిలినపుడు ఈ బుడగలనుండి లవణములు వడిగా కారిపోవునని 1965లో నాతడును సహచరులును చూపిరి. మాంసకృత్తు లేశమును లేని పొరపై మందు పనిచేసెను! మత్తుమందుల మర్మమంతయు క్రొవ్వులోనే కలదనుట తొందరపాటగును. తరువాతి శోధనలు మాంసకృత్తులవైపే మొగ్గినవి.

నా మట్టుకు నాకు మిక్కిలి యింపైన శోధన 1974 నాటిది. కణములు ఖర్చుపెట్టుకొను శక్తిధనము ఏ.టి.పి. అను ద్రవ్యము. దానిని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. అది పుట్టు విధమే వివాదమయ్యెను. చెఱువునీరు తూముగుండ దిగుచు మరను త్రిప్పినట్లు, పొరకొకవైపున పోగైన ఉదజని అయానులు రెండవవైపునకు దిగునప్పుడది పుట్టునని పీటరు మిచెల్ 1961లో ననెను. పండితులు పలువురు నమ్మరైరి. అమెరికాలో రాకర్, స్టోకేనియస్ అనువారు సోయాచిక్కుడు క్రొవ్వుతో బుడగలు చేసి, ఉప్పునీట బ్రదుకు సూక్ష్మజీవి యొక్క ఊదారంగు మాంసకృత్తును, పశువు గుండెనుండి తీసిన ఏ.టి.పి. యంత్రమును వానిలో పొదిగిరి. వెలుగు పడగనే మొదటిది ఉదజనిని లోనికి తోడెను. అది మరల వెలికి దిగుచు ఏ.టి.పి.ని పుట్టించెను. సోయాకును, సూక్ష్మజీవికిని, పశువునకును ఏమి చుట్టఱికము? నడుమ నున్నది ఉదజని యొక్కటే! 1978లో మిచెల్‌కు నోబెలు బహుమానము వచ్చెను.

రాచపుండు కణములు కొన్ని, తమలో జొచ్చిన మందును ఏతమెత్తినట్లు వెలికి తోడివేయును. 1976లో జూలియానో, లింగ్ అనువారు గుర్తించిన పి-గ్లైకోప్రోటీనే ఆ యేతము. 1992లో అంబుడ్కరు మున్నగువారు దానిని కొంతవఱకు శుద్ధిచేసి బుడగలలో పొదుగగా, మందు తగిలినపుడు అది ఏ.టి.పి.ని హెచ్చుగా వ్యయించుట కనబడెను. ఇదే మాంసకృత్తు మన ప్రేగులలోను, మూత్రపిండములలోను గలదు. గుండెజబ్బునకు డిగాక్సిను పుచ్చుకొనువారికి క్వినిడిను తోడైనచో, ఈ యేతమున కడ్డు గలిగి, డిగాక్సిను రక్తములో హెచ్చి విషమగుటయు గలదు.