స్ఫటికముల జల్లెడ: చిన్న రేడియో చరిత్ర

పిండి జల్లించుట మన ఇండ్లలో అందరికిని తెలిసిన పనియే. జల్లెడ కన్నులు పెద్దవైనచో పిండితోబాటు పొట్టు కూడ దిగును. మరీ చిన్నవైనచో పిండియే దిగదు. రేడియో విషయమును ఇట్టిదే. ఒకే క్షణమున వేలకొలది కేంద్రముల తరంగములు మన చుట్టును ప్రయాణము చేయుచుండును. మేడమీద కట్టిన ఒక్క రాగితీగ వానినన్నిటిని కలగాపులగముగా పట్టి ఇంటిలోనికి తెచ్చును. అందులో మనకు కావలసినది ఒక్కటి మాత్రమే. తక్కినవానిని ఆపి, ఆ ఒక్కదానిని మాత్రము పోనిచ్చు సాధనమునకు ఫిల్టరు అని పేరు.

రేడియో చరిత్ర చెప్పువారు సామాన్యముగా ప్రసార కేంద్రముల శక్తిని గూర్చియే చెప్పుదురు. ఎంత ఎత్తు స్తంభము, ఎన్ని కిలోవాట్ల శక్తి అని లెక్కలు వేయుదురు. కాని ఐదు వాట్ల శక్తితో, అనగా ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపము తీసికొనునంత శక్తితో, సముద్రములకు ఆవలి మిత్రులతో సంభాషించు ఔత్సాహికులు నేడు అనేక దేశములలో ఉన్నారు. వీరిలో పెక్కుమంది తమ సెట్టును తామే చేసికొన్నవారు. ఇంత తక్కువ శక్తితో ఇది ఎట్లు సాధ్యమైనది? దీనికి సమాధానము పంపు యంత్రముకన్న జల్లించు యంత్రములోనే ఎక్కువగా కలదు.

పనికిరావని విడిచిన తరంగములు

1901 డిసెంబరులో మార్కొనీ అట్లాంటిక్ సముద్రము దాటివచ్చిన సంకేతమును వింటినని ప్రకటించెను. అది మొదలు సుమారు ఇరువది ఏండ్లపాటు నిపుణుల అభిప్రాయము ఒక్కటే: తరంగము ఎంత పొడవైనదైన అంత దూరము పోవును, అందుకు తగిన శక్తియును వలయును. అందుచేత 1912లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసినపుడు, 200 మీటర్లకన్న పొడవైన తరంగములను నౌకలకు, సైన్యమునకు, వర్తక సంస్థలకు ఉంచి, ఔత్సాహికులను 200 మీటర్లకు, అంతకు తక్కువకు నెట్టివేసెను. ఆ తరంగములతో వారు ఊరిపొలిమేర దాటలేరని పలువురి నమ్మకము.

ఔత్సాహికులు పట్టు విడువలేదు. 1914లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను ఇంజనీరు హార్ట్‌ఫర్డ్ నగరమున అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను స్థాపించెను. 1921 డిసెంబరులో ఆ సంఘము పాల్ గాడ్లీ అను నిపుణుని స్కాట్లండులోని ఆర్డ్రోసన్ తీరమునకు పంపెను. చలిలో, గుడారములో కూర్చుండి అతడు అమెరికా ఔత్సాహికుల సంకేతములను విని వ్రాసికొనెను. 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరమునుండి లియోన్ దెలువా, అమెరికానుండి ఫ్రెడ్ ష్నెల్, సుమారు 110 మీటర్ల తరంగముపై ఒకరితో ఒకరు సంభాషించిరి.

మరుసటి సంవత్సరము జరిగిన సంగతి విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1924 అక్టోబరు 18వ తేదీన లండనులోని మిల్ హిల్ పాఠశాలనుండి సెసిల్ గోయిడర్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి, న్యూజిలాండులోని ఫ్రాంక్ బెల్‌తో మాటాడెను. వారి నడుమ దూరము 18,000 కిలోమీటర్లకు పైన. భూగోళముపై అంతకన్న ఎక్కువ దూరము దాదాపుగా లేదు. పైనున్న అయనావరణము హ్రస్వ తరంగములను మరల భూమివైపునకు వంచి పంపుటయే దీనికి కారణము. ఆ విద్యార్థియే 1936లో ఆలిండియా రేడియోకు ముఖ్య ఇంజనీరుగా మన దేశమునకు వచ్చెను. 1937-38 సంవత్సరములలో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాలలో హ్రస్వ తరంగ ప్రసారములు మొదలైనది ఆయన కాలముననే. మద్రాసునుండి తెలుగు మాట మన పల్లెలకు చేరిన త్రోవలో, ఒక బడిపిల్లవాని ప్రయోగమునకును కొంత పాత్ర కలదన్నమాట.

రెండు రెక్కలలో ఒకటి చాలును

దూరము దాటుట తెలిసినది. ఇక శక్తి పొదుపు మాట చూతము. మామూలు పద్ధతిలో మాటను ప్రసారము చేసినపుడు నడుమ ఒక వాహక తరంగమును, దానికి ఇరుప్రక్కల రెండు పార్శ్వపట్టీలును ఏర్పడును. పక్షికి దేహమును రెండు రెక్కలును ఉన్నట్లు. మొత్తము 6 వాట్లు పంపితిమనుకొందము. పూర్తి స్థాయిలో మాట ఎక్కినప్పుడు కూడ అందు 4 వాట్లు వాహక తరంగమునకే పోవును. ఒక్కొక్క పార్శ్వపట్టీకి దక్కునది 1 వాటు. విచిత్రమేమనగా, వాహక తరంగములో మాట ఏమియు లేదు. రెండు పట్టీలలోను ఉన్నది ఒకే మాట.

అమెరికాలో టెలిఫోను సంస్థ గణితజ్ఞుడు జాన్ కార్సన్ ఈ సంగతి గుర్తించి, ఒక్క పార్శ్వపట్టీని మాత్రము పంపు పద్ధతికి 1915లో పేటెంటు కోరెను. అదే సంవత్సరమున అమెరికాలో జార్జి కాంప్‌బెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్, ఒకరి సంగతి మరొకరికి తెలియకయే, తీగచుట్టలను కెపాసిటర్లను వరుసగా కూర్చి తరంగములను జల్లించు విధానము కనుగొనిరి. రెండు రెక్కలలో ఒకదానిని కోసివేయుటకు కావలసిన కత్తి అదియే. 1927 జనవరి 7వ తేదీన న్యూయార్కు, లండను నగరముల నడుమ ప్రారంభమైన రేడియో టెలిఫోను ఈ ఏకపార్శ్వ పద్ధతిలోనే నడచెను.

ఇందువలన లాభము రెండు విధములు. పంపువాడు తన శక్తినంతయు ఒక్క పట్టీలోనే పెట్టగలడు. వినువాడు తన జల్లెడను 6 కిలోహెర్ట్జ్‌ల వెడల్పునకు బదులు సుమారు 2.5 కిలోహెర్ట్జ్‌లకు ఇరుకు చేసికొనగలడు. రేడియోలో వినబడు రొద పట్టీ వెడల్పునకు అనులోమానుపాతమున ఉండును. కావున రొదయును సగముకన్న తగ్గును. తక్కువ శక్తివాని గొంతు పైకి తేలుటకు ఇదియే ముఖ్యమైన కీలకము.

పలుగురాయి చేసిన మేలు

ఇంత ఇరుకైన జల్లెడను తీగచుట్టలతో చేయుట సులభము కాదు. కొద్దిపాటి లెక్క చూడుడు. మంచి తీగచుట్ట యొక్క గుణకము సుమారు 100 ఉండును. 10 మెగాహెర్ట్జ్‌ల వద్ద దానితో చేసిన అనునాద వలయము 100 కిలోహెర్ట్జ్‌ల వెడల్పును పోనిచ్చును. మనకు కావలసినది 2.5 కిలోహెర్ట్జ్‌లు. అనగా నలుబది రెట్లు ఇరుకు కావలెను.

ఈ చిక్కు విప్పినది పలుగురాయి. 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ సోదరులు, కొన్ని స్ఫటికములను నొక్కినపుడు వాని ముఖములపై విద్యుదావేశము పుట్టునని కనుగొనిరి. దీనికి విలోమముగా, విద్యుత్తును ప్రయోగించినచో స్ఫటికము కదలును. పలుగురాతి పలకను తగిన మందమున కోసి విద్యుత్తు నిచ్చినచో, అది తనకు సహజమైన ఒక్క పౌనఃపున్యము వద్ద గుడిగంటవలె నిలుకడగా కంపించును. దాని గుణకము పదివేలలోను, ఒక్కొక్కప్పుడు లక్షలోను ఉండును. అమెరికా ఆచార్యుడు వాల్టర్ కేడీ 1920 ప్రాంతములలో ఇట్టి స్ఫటికములను రేడియో వలయములలో నెలకొల్పెను. 1932లో ఔత్సాహికుల పత్రిక క్యు.ఎస్.టి.లో జేమ్స్ లాంబ్, గ్రాహక యంత్రమున స్ఫటిక ఫిల్టరును వాడి, ప్రక్కన కూయుచున్న కేంద్రమును మాయము చేయు విధమును వివరించెను.

రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యమునకై కోటికి పైగా స్ఫటికములు తయారైనవి. యుద్ధము ముగిసిన పిదప అవి పాతసామాను దుకాణములకు చేరినవి. 1947లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఔత్సాహికులు ఏకపార్శ్వ పద్ధతిలో ప్రయోగములు చేయగా, పలువురు ఈ యుద్ధపు మిగులు స్ఫటికములతో ఫిల్టర్లు కట్టిరి. అయినను ఒక కష్టము కలదు. అప్పటి ఫిల్టర్ల అమరికలో ఒకదానికొకటి సరిగా రెండు కిలోహెర్ట్జ్‌ల తేడాగల స్ఫటికములు జతగా కావలెను. దొరకనివాడు పలకను తానే అరుగదీసికొనవలెను. లేదా ఖరీదైన ఫిల్టరును కొనవలెను. సామాన్యునికి ఇది అందని పండుగనే ఉండెను.

నిచ్చెన వచ్చినది

రంగుల టెలివిజను ఈ స్థితిని మార్చెను. ప్రతి రంగుల సెట్టులోను ఒక స్ఫటికము ఉండవలెను. అమెరికా పద్ధతిలో దాని పౌనఃపున్యము 3.58 మెగాహెర్ట్జ్‌లు, పాల్ పద్ధతిలో 4.43 మెగాహెర్ట్జ్‌లు. 1982లో రంగుల ప్రసారములు మొదలైన మన దేశము పాల్ పద్ధతిని చేపట్టెను. ఆ తరువాత కంప్యూటర్ల కొరకు 10, 12 మెగాహెర్ట్జ్‌ల స్ఫటికములు బస్తాలకొలది తయారై, కారుచౌకగా దొరకసాగినవి. కాని అవన్నియు ఒకే పౌనఃపున్యము గలవి. తేడాగల జతలు కోరు పాత అమరికకు అవి పనికిరావు.

అందుకు తగినది నిచ్చెన ఫిల్టరు. ఇందు ఒకే రకపు స్ఫటికములను ఒకదాని వెనుక ఒకటి వరుసగా కలిపి, ప్రతి కూడలినుండి భూమికి ఒక కెపాసిటరు వేయుదురు. కెపాసిటర్ల విలువను పెంచినచో పట్టీ ఇరుకగును, తగ్గించినచో విశాలమగును. 1965లో మిల్టన్ డిషాల్ దీని గణితమును ప్రకటించెను. 1970 దశాబ్దమున ఐరోపా ఔత్సాహికులు దీనిని ఆచరణకు తెచ్చిరి. 1982లో అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు వెస్ హేవర్డ్, సామాన్య పరికరములతోనే స్ఫటికమును కొలిచి ఫిల్టరు కట్టు విధమును క్యు.ఎస్.టి. పత్రికలో తేటగా వ్రాసెను.

అదే కాలమున అల్పశక్తి రేడియోకు ఒక ఉద్యమ రూపము వచ్చెను. తంతి సంకేతములలో క్యు.ఆర్.పి. అనగా శక్తిని తగ్గించుట. ఆ పేరుతో 1961లో అమెరికాలోను, 1974లో ఇంగ్లండులోను సంఘములు ఏర్పడినవి. ఇంగ్లండు సంఘమును స్థాపించిన జార్జి డాబ్స్ ఒక చర్చి పురోహితుడు. పెద్ద యంత్రము కొనువాడికన్న చిన్న యంత్రము చేయువాడే రేడియోను బాగుగ నేర్చునని వీరి అభిప్రాయము.

హైదరాబాదు సెట్టు

ఈ కథలో తరువాతి ఘట్టము మన హైదరాబాదునకు చెందినది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో అష్హర్ ఫర్హాన్ అను హైదరాబాదు ఔత్సాహికుడు బిట్‌ఎక్స్ అను సెట్టును రూపొందించెను. 14 మెగాహెర్ట్జ్‌ల పట్టీలో సుమారు 6 వాట్లతో మాట పంపు ఏకపార్శ్వ యంత్రమిది. విదేశములనుండి తెప్పించవలసిన భాగములను ఆయన వీలైనంతవరకు విడిచిపెట్టెను. ఫెరైటు వలయములు దొరకనిచోట కుళాయి వాషర్లపై తీగ చుట్టెను. టెలివిజను ఏంటెనాల బాలన్ కోర్లను ట్రాన్స్‌ఫార్మర్లుగా వాడెను.

ఇందలి మూలసూత్రము సులభమైనది. 14.150 మెగాహెర్ట్జ్‌ల సంకేతమును, సెట్టులోనే పుట్టించిన 4.150 మెగాహెర్ట్జ్‌ల తరంగముతో కలిపినచో 10 మెగాహెర్ట్జ్‌ల భేదము వచ్చును. అచ్చట స్ఫటికముల నిచ్చెన దానిని జల్లించును. జల్లెడకు ముందువెనుకలు లేవు. ఇటునుండి పోసినను అటునుండి పోసినను ఒకే విధముగ జల్లించును. కావున వినునపుడు సంకేతము ఒకవైపునుండి, పంపునపుడు మాట రెండవవైపునుండి అదే ఫిల్టరులో నడచును. నడుమనున్న యాంప్లిఫయర్లను కూడ రెండు దిక్కుల పనిచేయునట్లు ఆయన అమర్చెను. సెట్టు పటమును ఎవరైనను ఉచితముగ వాడికొనునట్లు ప్రకటించుటచే, అనేక దేశములవారు దానిని చేసికొనిరి. 2016 మొదలు, హైదరాబాదులో కూర్చిన పలకలే విదేశములకు పోవుట మొదలిడినవి. దిగుమతి ఫిల్టరు లేనిదే పని జరుగదన్న మాట దీనితో తొలగిపోయెను.

మా ప్రయోగశాలలో

రెండు సంవత్సరముల క్రిందట మా కళాశాల విద్యార్థులతో ఇట్టి నిచ్చెన నొకదానిని కట్టితిమి. పది మెగాహెర్ట్జ్‌ల స్ఫటికములు ఇరువది తెచ్చి, చేతికి వచ్చిన నాలుగింటిని అతికితిమి. గ్రాహకమును నడపగా మాట కుండలో తలపెట్టి పలికినట్లు వినబడెను. ఒక్క పదమును తెలియలేదు. విద్యార్థులు నా ముఖము చూచిరి. లోపము పటములో నున్నదని నేను రెండు దినములు వెదకితిని. నిజమునకు లోపము నా తొందరలోనే ఉన్నది. పైన ఒకే అంకె ముద్రించియున్నను స్ఫటికములన్నియు సరిగా ఒక్కటి కావు.

ఈ సంగతి పట్టినది రెండవ సంవత్సరపు విద్యార్థిని. ఆమె ఒక చిన్న ఆందోళక వలయము కట్టి, ఇరువది స్ఫటికములను ఒక్కొక్కటిగా అందులో నుంచి, పౌనఃపున్యమును కొలిచి పట్టిక వ్రాసెను. కొన్నింటి నడుమ తేడా వెయ్యి హెర్ట్జ్‌లకు మించెను. 2,500 హెర్ట్జ్‌ల జల్లెడలో వెయ్యి హెర్ట్జ్‌ల తప్పున్నచో మాట ఎట్లు దిగును? వంద హెర్ట్జ్‌ల లోపల కలిసిన నాలుగింటిని ఏరి మరల అతికితిమి. ఆ సాయంకాలము 40 మీటర్ల పట్టీలో ఇద్దరు పెద్దమనుష్యులు తమ ఊళ్ళలో పడిన వానను గూర్చి మాటాడుకొనుట స్పష్టముగ వినబడెను. ఆ పట్టికను మా ప్రయోగశాల గోడకు అంటించితిమి; నేటికిని ఉన్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి

అనునాదము, పీడన విద్యుత్తు, తరంగముల కలయిక, ఇవన్నియు విద్యార్థులు పాఠ్యగ్రంథములలో వేర్వేరు అధ్యాయములుగ చదువుదురు. చిన్న రేడియోలో అవన్నియు ఒక్క బల్లపై కలిసి పనిచేయును. గ్రాహక భాగముతో ప్రారంభించుట మంచిది. ప్రసారము చేయుటకు మాత్రము ప్రభుత్వ పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందవలెను. పన్నెండేండ్లు నిండినవారు ఆ పరీక్షకు కూర్చుండవచ్చును. 1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఇట్టి శిక్షణకు పేరుపొందినది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు, అండమానులో నున్న ఆ సంస్థ బృందము పంపిన రేడియో వార్తలే ఎందరి క్షేమ సమాచారమునో ప్రధాన భూమికి చేర్చినవి.

లైసెన్సు పొందిన పిదపను ఒక ధర్మము మిగిలియున్నది. 7 మెగాహెర్ట్జ్‌లు పంపు యంత్రము 14, 21 మెగాహెర్ట్జ్‌ల వద్ద కూడ కొంత శక్తిని చిమ్మును. ఏంటెనాకు ముందు తీగచుట్టలు, కెపాసిటర్లతో మరియొక ఫిల్టరు అమర్చి దానిని ఆపవలెను. ఇది 1915 నాటి కాంప్‌బెల్, వాగ్నర్‌ల జల్లెడయే. మొదటి జల్లెడ మన చెవిని కాపాడును. ఈ రెండవది మన పొరుగువాని చెవిని కాపాడును. సెట్టు కట్టు విద్యార్థికి ఈ రెండింటిని కలిపియే నేర్పవలెనని నా మనవి.