చూచిపోవ వచ్చువారి వాకిలి

సిడ్నీ మహానగరమునకు పడమట, పర్రమట్ట దాటి బ్లాక్‌టౌను వైపు సాగు రైలుమార్గములో, వెస్ట్‌మీడ్, వెంట్వర్త్‌విల్ స్టేషనుల తరువాత వచ్చు చిన్న ఊరు పెండిల్ హిల్. దరుగ్ జాతివారికి అనాదిగా నివాసభూమియైన ఈ ప్రదేశమునకు ఆంగ్లేయులు తమ లాంకషైరు మండలమునందలి కొండపేరు పెట్టుకొనిరి. 1923లో జార్జి బాండ్ అను వర్తకుడు ఈ పరిసరముననే నూలుమిల్లు నెలకొల్పగా, మరుసటి సంవత్సరము ఇచ్చట రైల్వేస్టేషను వెలసెను. బాండ్ జన్మచేత అమెరికనుడు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఓడ దిగిన పరదేశి. అయినను తెల్లవాడగుటచే పరదేశీయులను నిలువరించుటకు ఆనాడు పెట్టిన భాషాపరీక్షకు అతడు వెరవవలసిన పని లేకుండెను.

ఆ మిల్లు నేడు పనిచేయుట లేదు. దాని చుట్టు పెరిగిన వీథులలో తమిళులు, గుజరాతీలు, పంజాబీలు, తెలుగువారు కాపురములున్నారు. 2021 జనగణన నాటికి ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడువారు సుమారు 59 వేలు. తొలికాన్పునకు ఆడపిల్ల పుట్టినింటికి పోవుట మన దేశాచారము. సముద్రముల కీవల ఆ ఆచారము తలక్రిందులై, పుట్టినిల్లే కూతురున్న చోటికి కదలివచ్చుచున్నది. గర్భవతియైన కూతురు వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకొన్న నాటినుండి, గుంటూరులోనో కరీంనగరములోనో ఉన్న తల్లికి వీసా సంపాదించుట ఆ ఇంటి ప్రధాన కార్యమగును. కనుక కొలది మాసములు ఉండి మరలిపోవు పరదేశీయుని ఏ దేశము ఎట్లు లోనికి రానిచ్చునను ప్రశ్న, ఈ ఊరివారికి రాజనీతి శాస్త్రవిషయము గాక గృహవిషయమై యున్నది. ఆ ప్రశ్నకు నూటయిరువది యేండ్లకు మించిన చరిత్ర కలదు.

ఆస్ట్రేలియా వలసరాజ్యములన్నియు ఏకరాజ్యమైన 1901వ సంవత్సరముననే, ఆ నూతన రాజ్యపు పార్లమెంటు వలస నిరోధక చట్టమును శాసించెను. రంగునుబట్టి మనుష్యులను త్రోసిపుచ్చుచున్నామని ఆ చట్టము బాహాటముగా పలుకలేదు. ఏదేని ఒక ఐరోపా భాషలో ఏబది మాటలు అధికారి చదువగా, ఓడ దిగువాడు వ్రాయవలెనని మాత్రమే పలికెను. ఏ భాషలో చదువవలెనను నిర్ణయము అధికారిదే యగుటచేత, రావలదనుకొన్నవానికి రాని భాషను ఎన్నుట సులభమయ్యెను. 1909 తరువాత ఆ డిక్టేషను పరీక్షలో నెగ్గినవాడు ఒక్కడును లేడు.

అట్టి కఠినశాసనములో సయితము చూచిపోవ వచ్చువారికై ఒక సందు తెరవబడిన సంగతి మనవారిలో పెక్కుమందికి తెలియదు. 1904లో భారత, జపాను ప్రభుత్వములతో కుదిరిన ఏర్పాటు చొప్పున, ఆయా దేశముల వర్తకులు, విద్యార్థులు, యాత్రికులు తమ ప్రభుత్వమిచ్చిన పాస్పోర్టు చూపినచో, డిక్టేషను పరీక్ష లేకయే పండ్రెండు మాసములు ఉండవచ్చును. నిలిచిపోవువాడు వేఱు, మరలిపోవువాడు వేఱు అను విచక్షణ ఆ ఏర్పాటునకు మూలము. 1918లో లండనులో జరిగిన సామ్రాజ్య యుద్ధసభయందు, భారత ప్రతినిధులలో ఒకరైన సత్యేంద్ర ప్రసన్న సిన్హా సమక్షమున, ఈ విచక్షణయే తీర్మానరూపము దాల్చెను: తన జనసమ్మేళనమును నిర్ణయించుకొను హక్కు ప్రతి దేశమునకును కలదు; కాని వినోదమునకో, వ్యాపారమునకో, చదువునకో తాత్కాలికముగా వచ్చు సామ్రాజ్య ప్రజలను పరస్పరము రానీయవలెను. కూలికి వచ్చువారిని ఆ తీర్మానము కలుపుకొనలేదు. అది దాని లోపము. అతిథి హక్కును పరస్పర ధర్మముగా గుర్తించుట దాని గుణము.

1921 నాటి సామ్రాజ్య సభ తీర్మానమును ఆధారముగా గొని, 1922లో మదరాసు రాజధానికి చెందిన మహావక్త వి. ఎస్. శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియాలో సంచరించి, అచ్చటి భారతీయుల పౌరహక్కులకై వాదించెను. 1925లో వారికి వోటు హక్కు లభించెను. పరీక్ష మాత్రము నిలిచియే యుండెను. 1934లో ఫాసిజమును ఖండించుటకై వచ్చిన ఎగోన్ కిష్ అను బహుభాషావేత్తకు స్కాట్లండు గేలిక్ భాషలో పరీక్ష పెట్టగా, ఆ నిర్ణయము హైకోర్టులో చెల్లకపోయెను. 1958 నాటి మైగ్రేషను చట్టముతో డిక్టేషను పరీక్ష అంతరించెను. 1973లో ప్రధాని విట్లాం ప్రభుత్వము జాతిభేద ప్రవేశనీతికి తుది మంగళము పాడెను.

జాతిభేదము తొలగిన పిమ్మట ఈ దేశము వాకిలిని బార్లా తెరవలేదు. అందఱికిని ఒకే గడియ పెట్టెను. బ్రిటిషువారికి సయితము 1975 నుండి వీసా అవసరమయ్యెను. 1994 సెప్టెంబరు 1 నుండి, పౌరుడు కాని ప్రతివాడును ఏదో ఒక వీసా కలిగియుండవలెనని చట్టము విధించెను. 1973 నాటి ఒడంబడికచే స్వేచ్ఛగా వచ్చిపోవు న్యూజీలండు పౌరుడు మాత్రము దరఖాస్తు పెట్టనక్కరలేదు. అతడు దిగి పాస్పోర్టు చూపగనే ప్రత్యేక వీసా దానంతట అదే లభించును. కావున వీసా రహిత ప్రవేశమను మాట ఆస్ట్రేలియా శాసనములో అక్షరాల లేదు. దానికి అతిసమీపమైనది మాత్రము కలదు.

ఆ సమీపమైనది 1996లో పుట్టినది. సిడ్నీలో 2000 ఒలింపిక్ క్రీడలు జరుగనుండగా, లక్షలుగా వచ్చు యాత్రికుల పాస్పోర్టులపై ముద్రలు వేయుచు కూర్చుండుట దుష్కరమని తలచి, టికెట్టు అమ్మువాని కంప్యూటరునందే క్షణములలో అనుమతి పుట్టునట్లు ఎలక్ట్రానిక్ ప్రయాణానుమతిని కల్పించిరి. జపాను, సింగపూరు, మలేసియా, అమెరికా మొదలగు కొన్ని దేశములవారు నేడును 20 డాలర్ల సేవా రుసుముతో దానిని పొంది, ఏడాదిలో ఎన్నిమారులైనను వచ్చి, వచ్చినప్పుడెల్ల మూడు మాసములు ఉండవచ్చును. 2008లో ఐరోపావారికై వెలసిన ఈ-విజిటరు అనుమతికి రుసుమే లేదు.

భారతీయునికి ఈ రెండును లేవు. అతనికున్నది 600వ తరగతి సందర్శక వీసా. బ్యాంకు నిలువలు, ఇంటి దస్తావేజులు, పెన్షను పత్రములు, కుమారుని ఆహ్వానలేఖ, 75 ఏండ్లు దాటినచో వైద్యపరీక్ష, వీటన్నిటితో కూడిన దరఖాస్తు అది. రుసుము 20 డాలర్లకు ఇంచుమించు పది రెట్లు. వచ్చినవారు నిజముగా తిరిగిపోదురా యనునదే అధికారి సందేహము. దేశములో నుండగా మఱొక వీసా కోరరాదను 8503వ షరతును పెక్కుమారులు చేర్చుదురు. కుటుంబ పూచీతో వచ్చువారి విషయమున 5,000 మొదలు 15,000 డాలర్ల వరకు ధరావతు కోరుటయు కలదు.

ఇప్పుడు పెండిల్ హిల్‌లోని ఒక తెలుగింటి బారసాలను ఊహించుకొందము. బిడ్డ పెదనాన్న అమెరికా పౌరుడు. ఫోనులో అనుమతి పొంది విమానమెక్కును. పినతల్లి న్యూజీలండు పౌరురాలు. ఆమెకు ఆ పనియు లేదు. కాకినాడలో నలుబది యేండ్లు పంతులుగా పనిచేసి, చిల్లిగవ్వ అప్పులేక, ఇల్లు, తోట, పరువు కలిగి బ్రతికిన తాత మాత్రము, తన ఊరు తిరిగిపోదునని పత్రములచే నిరూపింపవలెను. వీరు మువ్వురును ఒకే బిడ్డకు ఆత్మబంధువులే. భేదము పాస్పోర్టు అట్టలో నున్నది. గడువు దాటి నిలిచిపోవువారి లెక్కలను బట్టి దేశములను వర్గీకరించుచున్నామని ప్రభుత్వము చెప్పు కారణము అబద్ధము కాదు. కాని ఒకరి తప్పిదమునకు ఆ దేశమున పుట్టిన వృద్ధులందఱు జవాబుదారులగుట న్యాయము కాదు.

ఇందు మన దేశము చేసిన మేలు స్మరింపదగినది. 2014 నవంబరు 27న భారతదేశము నలువది మూడు దేశములవారికి ఎలక్ట్రానిక్ పద్ధతి వీసాను ప్రారంభించినపుడు, ఆ పట్టికలో ఆస్ట్రేలియా కలదు. 2022 డిసెంబరు 29న అమలులోనికి వచ్చిన ఉభయదేశ వాణిజ్యపు ఒడంబడిక, ఏటా 1,000 మంది భారతీయ యువజనులకు పనియు విహారమును కలసిన వీసాలను సమకూర్చెను. యువకునకు ఒప్పందముచే లభించిన సౌకర్యము, కన్నతల్లికి ఒప్పందముచే లభింపకుండుటకు హేతువు కానరాదు. 1904లో, రంగును ద్వేషించిన రాజ్యమే యాత్రికుని వేఱుపరచి చూడగలిగినది. సమత్వమును శాసనముగా చేసికొన్న రాజ్యమునకు అది దుస్సాధ్యము కారాదు. పలుమారు వచ్చి, పలుమారు గడువులోపల తిరిగిపోయిన పెద్దలకు, ఆ నడవడియే పూచీగా గొని, సులభమైన అనుమతి నీయుడని ఉభయ ప్రభుత్వములను తెలుగు సంఘములు అడుగవలెను. అడుగువారు తమ ఇండ్లకు వచ్చిన అతిథులు గడువులోపల మరలిపోవునట్లు చూచుకొనవలెను. ఏలయన మన అభ్యర్థనకు మనవారి నిజాయితీని మించిన ప్రమాణము లేదు.