హార్డ్‌టెయిల్ ఫ్రేమ్ సూటిగా ఉందో లేదో ఎవరు చూడాలి? దారం నుంచి జిగ్ దాకా

ఈరోజు ఒక చిన్న ప్రశ్న పట్టుకుని చరిత్రలోకి వెళ్దాం. బైకు ముందు చక్రం, వెనక చక్రం ఒకే గీత మీద ఉన్నాయని ఎవరు చూస్తారు? షోరూమ్‌లో కొన్న బండికి మనం ఈ ప్రశ్న వేసుకోం. కంపెనీ వాళ్ళు చూసే ఉంటారు కదా అనుకుంటాం. మరి ఫ్రేమ్ కోసి, మళ్ళీ వెల్డింగ్ చేసి కట్టుకున్న బండి అయితే?

ముందు హార్డ్‌టెయిల్ అంటే ఏంటో చూద్దాం. వెనక సస్పెన్షన్ లేని బండి. షాక్ అబ్జార్బర్లు ఉండవు, స్వింగ్ ఆర్మ్ ఉండదు. వెనక యాక్సిల్‌ని నేరుగా ఫ్రేమ్‌కే బిగిస్తారు. ఇది స్టైల్ కోసం పుట్టింది కాదండీ. తొలినాళ్ళ మోటార్‌సైకిళ్ళు చాలావరకు ఇలాగే ఉండేవి. ఎందుకంటే మోటార్‌సైకిల్ వచ్చిందే సైకిల్ నుంచి.

సైకిల్ ఫ్రేమ్ వంగిందో లేదో చూడటానికి మెకానిక్కుల దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. వెనక యాక్సిల్ కూర్చునే గాడి దగ్గర దారం కట్టి, ముందుకు లాగి, హ్యాండిల్ తిరిగే గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు గాడికి కట్టేస్తారు. తర్వాత సీటు కింద ఉన్న నిలువు గొట్టానికి, దారానికి మధ్య ఖాళీ రెండు వైపులా కొలుస్తారు. సమానంగా ఉంటే సరే. ఒక వైపు 3 మిల్లీమీటర్లు, ఇంకో వైపు 6 వచ్చిందంటే వెనక భాగం పక్కకి పోయినట్టే. ఖర్చు ఒక దారం, ఒక స్కేలు. హార్డ్‌టెయిల్ కూడా వెనక భాగం కదలని ఫ్రేమే కాబట్టి ఈ లెక్క దానికీ పనికొస్తుంది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో హార్లీ డేవిడ్‌సన్ సైన్యం కోసం డబ్ల్యూఎల్‌ఏ అనే బండ్లు దాదాపు 90 వేలు తయారుచేసింది. అన్నీ వెనక సస్పెన్షన్ లేనివే. యుద్ధం అయిపోయాక మిగిలినవి చవగ్గా అమ్మేశారు. కొన్నవాళ్ళు మడ్‌గార్డులు కోసి, అదనపు బరువు తీసేసి తిప్పుకున్నారు. వాటినే బాబర్లు అన్నారు. ఇక్కడ గమనించండి, చాలావరకు ఫ్రేమ్ జోలికి ఎవరూ పోలేదు. సూటిగా ఉండాల్సింది ఫ్యాక్టరీలోనే సూటిగా అయిపోయింది.

1958లో హార్లీ తన పెద్ద బండ్లకి కూడా వెనక సస్పెన్షన్ పెట్టింది. ఆ మోడల్ పేరు డ్యుయో గ్లైడ్. నడుముకి సుఖమే, కానీ పాత హార్డ్‌టెయిల్ గీత పోయింది. అది కావాలనుకున్నవాళ్ళు ఏం చేశారు? కొత్త ఫ్రేమ్ వెనక సగం కోసేసి, హార్డ్‌టెయిల్ ముక్క తెచ్చి వెల్డింగ్ చేశారు. నెక్ కోసి, కోణం మార్చి, పొడుగు ఫోర్కులు పెట్టారు. సరిగ్గా ఇక్కడే ఫ్యాక్టరీ బాధ్యత షెడ్డులో టార్చ్ పట్టుకున్న మనిషి చేతికి వచ్చింది.

1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమా ఈ చాపర్లని ప్రపంచానికి చూపించింది. పోలీసులు వాడి వేలంలో అమ్మేసిన హార్లీలతో వాటిని కట్టారు. ఆ పనిలో ముఖ్యులు క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి అమెరికన్లు. సినిమా టైటిల్స్‌లో వాళ్ళ పేర్లు లేవు. చాలా ఏళ్ళ తర్వాతే జనానికి తెలిశాయి. బండిని చూసినవాళ్ళు కోట్లమంది. దాన్ని సూటిగా నిలబెట్టినవాళ్ళని అడిగినవాళ్ళు తక్కువ.

సరే, ఆ పని ఎంత కష్టమో లెక్క వేద్దాం. యాక్సిల్ గాళ్ళలో ఒక నిటారు రాడ్ పెట్టి, అది నేలకి సమాంతరంగా ఉండేలా ఫ్రేమ్‌ని నిలబెడతారు. నెక్‌లో బేరింగ్ కప్పుల గుండా ఇంకో రాడ్ దూరుస్తారు. పక్క నుంచి చూస్తే అది వెనక్కి వాలి ఉంటుంది, అది మనకి కావాల్సిన కోణం. ముందు నుంచి చూస్తే మాత్రం ఖచ్చితంగా నిలువుగా ఉండాలి. 1 డిగ్రీ పక్కకి వాలిందనుకోండి. 800 మిల్లీమీటర్ల ఫోర్కు చివర చక్రం దాదాపు 14 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అదే తప్పుకి 1100 మిల్లీమీటర్ల చాపర్ ఫోర్కు పెడితే 19 మిల్లీమీటర్లు. అంటే స్టైల్ పెరిగేకొద్దీ తప్పు కూడా పెరుగుతుంది. దారం పద్ధతి ఈ వాలుని పట్టుకోలేదు. అందుకే రెండు పరీక్షలూ కావాలి.

వెనక సంగతి చూడండి. చక్రం కుడికో ఎడమకో తిరిగి ఉంటే చైన్ అడ్జస్టర్లతో సరిచేయొచ్చు. కానీ ఒక యాక్సిల్ ప్లేటు పైకి, ఒకటి కిందకి ఉంటే చక్రమే వాలిపోతుంది. దాన్ని ఏ అడ్జస్టరూ సరిచేయదు, మళ్ళీ కోయాల్సిందే. స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉన్నాయి కాబట్టి చక్రాలూ ఉన్నట్టే అనుకోవడం కూడా పొరపాటు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, పోల్చుకునే కొలతే తప్పైతే టెస్టులన్నీ పాసైనా లాభం లేదు. అన్ని కొలతలూ ఒకే సెంటర్ లైన్ నుంచి తీసుకోవాలి.

ఇంకో చిక్కు వెల్డింగ్‌ది. వెల్డింగ్ చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని ఫ్రేమ్‌ని తన వైపు లాగుతుంది. అందుకే బరువైన జిగ్‌లో బిగించి, ముందు చుక్కలు చుక్కలుగా అతికించి, కొలిచి, తర్వాత అటు కొంచెం ఇటు కొంచెం వెల్డ్ చేస్తారు. పూర్తిగా చల్లారాక, జిగ్ నుంచి తీశాక మళ్ళీ కొలుస్తారు. ఈ చివరి కొలత వదిలేస్తే తేడా రోడ్డు మీదే తెలుస్తుంది. బండి ఒక వైపుకి లాగుతుంది, టైరు ఒక పక్కే అరుగుతుంది, వేగంలో ఊగొచ్చు కూడా.

1984 మోడల్‌గా హార్లీ సాఫ్‌టెయిల్ తెచ్చింది. చూడటానికి హార్డ్‌టెయిలే, షాక్ అబ్జార్బర్లు కింద దాచేశారు. పాత గీత, సస్పెన్షన్ రెండూ ఉన్న బండి. చాపర్లు కట్టినవాళ్ళు మోసిన బరువుని ఫ్యాక్టరీ మళ్ళీ తన చేతిలోకి తీసుకుంది.

మన దగ్గర సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి మీ బుల్లెట్ వెనక సగం కోసే ముందు ఆగండి. ఎక్కడైనా కస్టమ్ బండి కనబడితే మాత్రం పెయింట్, క్రోమ్ చూసి ఊరుకోకండి. వెల్డింగ్ చల్లారాక ఫ్రేమ్ మళ్ళీ కొలిచారా అని కట్టినాయన్ని అడగండి. కొలిచినవాడైతే ఎన్ని మిల్లీమీటర్లో కూడా చెబుతాడు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.