ఇబ్న్ రిజ్వాన్ చూచిన తార, మచిలీపట్నం పసుపు గీత

హిజ్రీ 396, అనగా క్రీ.శ. 1006లో, విద్యాభ్యాసపు తొలినాళ్ళలో ఉన్న ఈజిప్టు నివాసి అలీ ఇబ్న్ రిజ్వాన్ ఆకాశంలో ఒక కొత్త తారను చూచాడు. అనంతరకాలంలో ఆయన కైరోలో ప్రసిద్ధ వైద్యుడైనాడు. టాలమీ జ్యోతిష గ్రంథానికి తాను వ్రాసిన వ్యాఖ్యానంలో ఆ దృశ్యాన్ని నమోదు చేశాడు. తార వృశ్చికరాశి 15వ భాగంలో కనిపించిందనీ, శుక్రునికి రెండున్నర నుండి మూడింతలు పెద్దదిగా ఉన్నదనీ, దాని వెలుగు చంద్రకాంతిలో నాలుగవ వంతుకు కొంచెం మించినదనీ వివరించాడు. ఆనాటి గ్రహస్థానాలను కూడా పేర్కొన్నాడు.

ఇటువంటి పూర్వుల మాటలను చూపి, ఆధునిక విజ్ఞానమంతా వారికి ముందే తెలుసునని వాదించేవారు కలరు. ఇది పూర్వులకు గౌరవం కాదు. ఇబ్న్ రిజ్వాన్ చూచినది సూపర్‌నోవా, అనగా నక్షత్రాన్నే ధ్వంసం చేసే విస్ఫోటనం. నోవా వేరు. జంటతార నుండి వచ్చిన హైడ్రోజన్ శ్వేతకుబ్జ తారపై పేరుకొని మండిపోగా, పైపొర మాత్రమే ఎగిరిపోతుంది, తార మిగులుతుంది. ఈ భేదం తెలిసే సాధనం ఆయన కాలంలో లేదు.

ఆ సాధనమైన వర్ణపటదర్శిని తెలుగునాట ఒక చరిత్రాత్మక పరీక్షకు నిలిచింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, గోదావరి డెల్టాకు పొరుగున ఉన్న మచిలీపట్నంలో మద్రాసు వేధశాలాధిపతి పోగ్సన్ పరిశీలించారు. సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వెలుగులో పోగ్సన్ ఒక పసుపు గీతను గమనించాడు. అది సోడియం గీత కాదని అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. దానిని ఇచ్చిన మూలకమే హీలియం. భూమిపై దానిని 1895లో రామ్సే గుర్తించాడు.

అదే హీలియం కంటికి కనబడని పరారుణ కాంతిలో, 1.083 మైక్రాన్ల వద్ద, మరొక గీతను ఇస్తుంది. నోవాల పరిణామాన్ని తెలిపే ముఖ్యమైన గీతలలో అదొకటి. 1970లో ఎఫ్.హెచ్. సెర్పెంటిస్ అనే నోవా కంటికి మసకబారుతుండగా, దాని పరారుణ కాంతి పెరిగింది. తార నుండి వెలువడిన వాయువు చల్లారి ధూళిగా మారి, వెలుగును మ్రింగి, వేడిగా తిరిగి ఇచ్చుచున్నదని అర్థమైంది. 2006లో ఆర్.ఎస్. ఆఫియుకై నోవా ప్రజ్వలించినప్పుడు, మౌంట్ ఆబూలోని 1.2 మీటర్ల దూరదర్శినితో భారతీయ శాస్త్రజ్ఞులు దాని పరారుణ వర్ణపటాలను రోజురోజుకూ తీశారు. గీతల వెడల్పు తగ్గుతూ వచ్చింది. ఎగసిన పదార్థం తోటి తార వెదజల్లిన వాయువును ఢీకొని వేగం కోల్పోవుచున్నదని ఆ తగ్గుదల వెల్లడించింది.

1006కు, 2006కు నడుమ సరిగా వేయి సంవత్సరాలు. అయినా రెండు చోట్లా కనిపించే నియమం ఒకటే: చూచినదానిని కొలతతో వ్రాయడం, చూడనిదానిని వ్రాయకపోవడం. ఇబ్న్ రిజ్వాన్ స్థానాన్ని భాగలతో సహా చెప్పినందువల్లనే ఆ తార ఎక్కడ వెలిగిందో నిర్ణయించడానికి ఆయన సాక్ష్యం నేటి పరిశోధకులకు తోడ్పడింది. ఆయన విడిచిపోయిన వారసత్వం ఆ నిజాయితీయే. దానికి లేని గొప్పలు చేర్చనక్కరలేదు.