అద్దెదారులతో సహా కొన్న ఇల్లు

ఇల్లు అమ్ముడైనా అందులో అద్దెకున్నవాళ్లు కదలక్కర్లేదన్న నియమం ఇవాళ మామూలుగా అనిపిస్తుంది గానీ, అది చాలా పోరు తర్వాత కుదిరింది. రోమన్ న్యాయంలో అద్దె ఒప్పందం చేసుకున్న ఇద్దరికే పరిమితం. కొన్నవాడు పొమ్మంటే అద్దెదారు పోవాల్సిందే. నష్టపరిహారం కోసం పాత యజమాని మీద దావా వేసుకోవాలి. జర్మనీ కూడా తన సివిల్ కోడ్ తొలి ముసాయిదాలో, 1888లో, ఇదే సూత్రం పెట్టింది. ఒట్టో ఫాన్ గీర్కె లాంటి న్యాయశాస్త్రవేత్తలు గట్టిగా విమర్శించాక అది తిరగబడింది. 1900లో అమల్లోకొచ్చిన కోడ్‌లో అమ్మకంతో అద్దె హక్కు పోదు. మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 109వ సెక్షన్‌లో, అప్పటికే ఆ దారిలో ఉంది: కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు. అమ్మకం సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టినవాడు మళ్లీ కట్టక్కర్లేదు. అయితే నెలవారీ అద్దెదారుకు ఇందువల్ల ఒరిగింది తక్కువే. ఓనరు పాతవాడైనా కొత్తవాడైనా పదిహేను రోజుల నోటీసిస్తే చాలు.

ఆ లోటు పూడ్చినవి యుద్ధకాలపు ఇళ్ల కరువులో పుట్టిన అద్దె నియంత్రణ చట్టాలు. తగిన కారణం చూపనిదే ఖాళీ చేయించకూడదన్నాయి. కానీ ఒప్పుకున్న కారణాల్లో యజమాని సొంత అవసరం ఒకటి. సందు అక్కడే దొరికింది: తనకు అవసరం లేని ఓనరు, అవసరం ఉన్నవాడికి అమ్మేస్తే సరి. అందుకే చట్టాలు పాత యజమాని కన్నా కొన్నవాణ్నే ఎక్కువ అనుమానించాయి. నా దృష్టిలో ఆ అనుమానం సబబే. ఢిల్లీ 1958 చట్టం కొన్నవాణ్ని ఐదేళ్లు ఆగమంది. పశ్చిమ బెంగాల్ 1969 సవరణ, ఉత్తరప్రదేశ్ 1972 చట్టం మూడేళ్లన్నాయి. ఢిల్లీలో వారసత్వంగా ఇల్లు వచ్చినవాడికి ఈ గడువు వర్తించదు. గురి అమ్మకం మీదే.

రూపాయి రూపాయి కూడబెట్టి కొన్నవాడు తన ఇల్లుండగా పరాయి ఇంట్లో ఉండాలా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే, కానీ జవాబు ధరలో ఉంది. అద్దెదారున్న ఇల్లు ఖాళీ ఇంటి ధర పలకదు. ఆ తగ్గింపు పుచ్చుకుని మర్నాడే ఖాళీ చేయమంటే, లాభమంతా అద్దెదారు దగ్గర గుంజినదే. అలా చవగ్గా కొని ఖాళీ చేయించే బేరగాళ్లను ఆపడానికే బెంగాల్ సవరణ వచ్చింది. 1974లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అద్దె నియంత్రణ చట్టాలు దశాబ్దాల తరబడి అద్దెలు గడ్డకట్టించడం వేరే తప్పు. మహారాష్ట్ర విషయంలో 1997లో అదే కోర్టు దాన్ని తప్పుబట్టింది. ఆ తప్పును ఈ గడువుకు అంటగట్టలేం. మన ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం మాత్రం దస్తావేజు రిజిస్టరైన నాటి నుంచి మూడు నెలలతో సరిపెట్టింది. ఇంతా చేసి, అది వకీలును కుదుర్చుకుని కాగితాలు సర్దుకునేందుకు పట్టే కాలం.