క్రీడా పందేలకు చట్టబద్ధత: ఇరుపక్షాల వాదం, మిగిలిన లోటు

క్రీడా పోటీ ఫలితంపైగానీ, పోటీలోని ఒక ఘట్టంపైగానీ డబ్బు ఒడ్డడమే క్రీడా పందెం. వాడుకలో దీనినే బెట్టింగ్ అంటున్నాం. మన దేశంలో గుర్రపు పందేలపై నిబంధనలకు లోబడి డబ్బు కాయవచ్చు. హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సు ఇందుకు ఉదాహరణ. క్రికెట్‌పై పందెం కాస్తే మాత్రం చాలా రాష్ట్రాల్లో నేరం. ఈ వ్యత్యాసం సబబా అన్న చర్చ ఏళ్ల తరబడి సాగుతున్నది.

చట్టాల నేపథ్యం

బ్రిటిష్ పాలనలో 1867లో వచ్చిన పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం జూదగృహాల నిర్వహణను నేరంగా పరిగణించి, నైపుణ్యంతో కూడిన ఆటలను మినహాయించింది. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం పందేలు, జూదం అనే అంశాన్ని ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 34వదిగా చేర్చింది. అందువల్ల ఒక్కో రాష్ట్రం ఒక్కో మార్గం ఎంచుకున్నది. సిక్కిం 2008లో ఆన్‌లైన్ ఆటలకు లైసెన్సు విధానం తెచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి.

నైపుణ్యానికీ అదృష్టానికీ మధ్య హద్దును న్యాయస్థానాలు నిర్ణయిస్తూ వచ్చాయి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1968లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 1996లో గుర్రపు పందేలనూ అదే కోవలో చేర్చింది. క్రికెట్ ఆడటానికి నైపుణ్యం కావాలనడంలో సందేహం లేదు. దానిపై పందెం కాయడమూ నైపుణ్యమేనా అన్నదే వివాదం.

రెండు నివేదికలు

2013 నాటి ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ ఉదంతం తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లోధా కమిటీ 2016 జనవరిలో నివేదిక ఇచ్చింది. క్రికెట్ బెట్టింగ్‌ను కట్టుదిట్టమైన రక్షణలతో చట్టబద్ధం చేయవచ్చనీ, ఆటగాళ్లు, నిర్వాహకులు అందులో పాల్గొనరాదనీ సూచించింది. మ్యాచ్ ఫిక్సింగ్‌ను మాత్రం నేరంగా పరిగణించాలని కోరింది.

లా కమిషన్ 2018 జులైలో ఇచ్చిన 276వ నివేదిక ఇదే విషయాన్ని మరింత లోతుగా పరిశీలించింది. ప్రస్తుత పరిస్థితుల్లో చట్టబద్ధత వాంఛనీయం కాదన్నది. నిషేధాన్ని పూర్తిగా అమలు చేయలేని పక్షంలో నియంత్రణ ఒక్కటే మార్గమన్నది. ఆధార్, పాన్ అనుసంధానం, నగదు రహిత చెల్లింపులు, పందెం మొత్తంపై పరిమితి, మైనర్లకు ప్రవేశ నిరాకరణ అందుకు షరతులు.

ఇరుపక్షాల వాదం

నిషేధం వల్ల పందేలు ఆగలేదనీ, అవి బుకీల చేతుల్లోకి, విదేశీ యాప్‌లలోకి వెళ్లాయనీ సమర్థకుల వాదన. చట్టబద్ధం చేస్తే పన్ను రాబడితో పాటు లావాదేవీలపై నిఘా కూడా సాధ్యమవుతుందని వారు చెబుతారు. బ్రిటన్‌లో 1961 నుంచే లైసెన్సు ఉన్న పందెం దుకాణాలు నడుస్తున్నాయని గుర్తుచేస్తారు.

అదే బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డులతో పందెం కాయడాన్ని నిషేధించవలసి వచ్చిందని వ్యతిరేకులు బదులిస్తారు. అనుమతి లభిస్తే వ్యసనం మరింత విస్తరిస్తుందనీ, అప్పుల భారం పేద కుటుంబాలపైనే పడుతుందనీ వారి ఆందోళన.

పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ రెండో వాదానికే మొగ్గు చూపింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. నిర్వాహకులకు 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడినవారిని నేరస్థులుగా పరిగణించలేదు. ఈ చట్టాన్ని సవాలు చేస్తూ హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తనకు బదిలీ చేసుకున్నది.

మిగిలిన లోటు

పందెం వేరు, ఫిక్సింగ్ వేరు. మొదటిది ఫలితాన్ని ఊహించి డబ్బు ఒడ్డడం. రెండోది ఆ ఫలితాన్నే అమ్ముకోవడం. ఫిక్సింగ్‌ను శిక్షించాలన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. లా కమిషన్ సైతం దానికి కఠిన శిక్ష ఉండాలన్నది. అయినా 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు, మ్యాచ్ ఫిక్సింగ్ ఐపీసీ 420వ సెక్షన్ కింద మోసం నేరం కాదని తేల్చి, క్రమశిక్షణ చర్యలను క్రికెట్ బోర్డుకే వదిలింది. పొరుగున ఉన్న శ్రీలంక 2019లోనే ప్రత్యేక చట్టం చేసి, 10 సంవత్సరాల వరకు జైలుశిక్ష నిర్దేశించింది.

బెట్టింగ్‌ను నిషేధించినా, అనుమతించినా మైదానంలో ఆట నిజాయితీగా సాగుతుందన్న భరోసా ప్రేక్షకుడికి అవసరం. ఏకాభిప్రాయం ఉన్న ఈ ఒక్క విషయంలోనైనా చట్టం చేయడానికి, బెట్టింగ్‌పై తుది నిర్ణయం వెలువడే వరకు ఆగవలసిన పని లేదు.